నిచ్చెన అందినంత మేర

ముందే చెబుతున్నాను, నవ్వితే నవ్వండి గానీ మా ఆయనలాగా కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వకండి. నా బిడ్డ మూడు నెలలు కష్టపడి చేసిన పనిని నేను పోయిన శనివారం గంటన్నరలో శుభ్రం చేసేశాను. శుభ్రం అంటే నిజంగానే శుభ్రం. అందినంత మేర ఒక్క పోగు మిగల్చలేదు. అదీ ఎక్కడ? యూనివర్సిటీలో, పట్టపగలు, వాచ్‌మన్ దగ్గరుండి నిచ్చెన పట్టుకుంటే!

మేం సూరత్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నవాగామ్‌లో ఉంటాం. మా ఆయన పక్కనే సచిన్ అనే ఊళ్ళో లూమ్స్ మీద పనిచేస్తాడు. నేను ఇంట్లో కూర్చుని ధాగా కటింగ్ చేస్తాను. ఆ పని తెలియనివాళ్ళకు ఒక్క మాటలో చెబుతాను. ఎంబ్రాయిడరీ మెషీన్ చీర మీద ఒక పువ్వు కుట్టి, ఇంకో పువ్వు మీదికి దూకుతుంది. దూకేటప్పుడు మధ్యలో దారం వదిలేస్తుంది. చీర తిరగేసి చూడండి, వెనకంతా దారాలే, తల దువ్వుకోని పిల్లలా ఉంటుంది. బట్టకు గాటు పడకుండా ఆ దారాలన్నీ కత్తిరించడం నా పని. ఇన్నేళ్ళలో నా చేతి కింద చిరిగిన చీర ఒక్కటి లేదు. గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగిందానికి ఇది అవసరం, అందుకే చెబుతున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు భయం ఎక్కువ. ఊళ్ళో అయితే పిల్లలకు జ్వరం వస్తే అడగడానికి అత్త ఉంటుంది, తప్పు చేస్తే తిట్టడానికి అమ్మ ఉంటుంది. ఇక్కడ మా పిల్లలకు అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ ఫోన్లోనే. నేను ఏదైనా తప్పు చేస్తే సరిదిద్దేవాళ్ళు లేరు. అందుకే ఏదైనా రెండుసార్లు చూసుకుంటాను. గ్యాస్ కట్టేశానా అని వీధి చివరిదాకా పోయి వెనక్కు వస్తాను. స్కూల్ నుంచి కాగితం వస్తే చిన్నది నిహారికతో మూడుసార్లు చదివిస్తాను. ఎక్కడికన్నా ఏడింటికి రమ్మంటే నాలుగింటికే అక్కడ ఉంటాను. ఈ చివరి అలవాటే కొంప ముంచింది.

పెద్దది అఖిల యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. ఆఖరి సంవత్సరం. ఈసారి పరీక్ష కాగితం మీద కాదట, బిల్డింగ్ మీద! చీకటి పడ్డాక ప్రొజెక్టర్ పెట్టి గోడ మీదికి వీడియో వేస్తారు. తెర ఉండదు. బిల్డింగే తెర. కిటికీలు, స్తంభాలు, మెట్లు అన్నీ ఆ బొమ్మలో కలిసిపోతాయి. ఊళ్ళో వాళ్ళెవరైనా వచ్చి చూడొచ్చు. జడ్జీలు కూడా జనంలోనే కూర్చుని చూసి మార్కులు వేస్తారు.

ఇది వినగానే నేను అడిగిన ప్రశ్నలు: "వాన వస్తే? కరెంటు పోతే? గోడ పాడు కాదా? పాడైతే మనల్ని అంటరా? రాసిచ్చిండ్రా వాళ్ళు?"

"మమ్మీ, వెలుతురు పడితే గోడ పాడు కాదు" అంది అఖిల.

"ఎండకు రంగు పోతది కదనే."

అది నెత్తి పట్టుకుంది.

ఏం వీడియో చేస్తున్నావంటే మాత్రం చెప్పలేదు. మూడు నెలల కింద ఒకరోజు ఫోన్ పట్టుకుని నేను పని చేస్తుంటే నా చేతుల మీదికి వంగింది. ఏందే అంటే, "కెమెరా టెస్ట్ మమ్మీ, నువ్వు పని చేసుకో" అంది. నేను చేసుకున్నాను. తర్వాత రోజూ కాలేజీ అయ్యాక అక్కడే తన ఫ్రెండ్ హేతల్ హాస్టల్ రూములో కూర్చుని ఏదో పని చేసి ఏడింటికి ఇంటికి వచ్చేది. వేళ్ళకు సూదిపోట్లు ఉండేవి. అడిగితే, "క్రాఫ్ట్ వర్క్" అనేది.

శనివారం పొద్దున పోతూ పోతూ గడప దగ్గర ఆగింది. "మమ్మీ, ఏడింటికి రా. అంతకంటే ముందు రాకు."

"ఎందుకే?"

"ఊరికే. పప్పాతోని కలిసి రా. ప్లీజ్ యార్, ముందు మాత్రం రాకు."

ఊరికే అన్న మాట నాకు సరిపడదు. అది పోయాక చీర ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను గానీ కత్తెర నడవడం లేదు. ముందు రాకు అని ఎందుకంది? ఫ్రెండ్స్ అందరూ ఉంటారు. వాళ్ళ అమ్మలు టీచర్లు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు. నేను ముందు పోతే పలకరిస్తారు. మీరేం చేస్తారు ఆంటీ అని అడుగుతారు. అది ఇబ్బంది పడుతుంది.

ఈ అనుమానం ఈనాటిది కాదు. మొదటి సంవత్సరం ఫారం నింపేటప్పుడు, "మమ్మీ, తల్లి పని అని ఉంది, ఏం రాయాలె?" అని అడిగింది.

"హౌస్‌వైఫ్ అని రాయి."

"నువ్వు దినమంతా కటింగ్ చేస్తవ్ గదా?"

"అది కూడ ఒక పనేనా, కాగితం మీద రాయనీకి? నేను చెప్పింది రాయి."

రాసింది. చెప్పింది నేనే. కానీ అది మారు మాట్లాడకుండా రాసేసిందే, అది మాత్రం నాకు ముల్లులా ఉండిపోయింది. ఇంకోసారి అడిగితే బాగుండేది అనిపించేది. ఎంత తిక్కదాన్నో చూడండి.

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇక ఆగలేకపోయాను. పొద్దున ఒక్క చాయ్ తాగి పోయింది పిల్ల. తినకుండా కళ్ళు తిరిగి పడితే? సర్వపిండి చేశాను. డబ్బాలో పెట్టాను. సంచీలో నీళ్ళ సీసా, శాలువా, జ్వరం గోళీలు, సూదీ దారం, నా చిన్న కత్తెర. కత్తెర ఎందుకు అనకండి. మీరు ఫోన్ లేకుండా బయటికి పోతారా? నాకు అదీ అట్లానే.

"డబ్బా ఇచ్చి, దూరంగా చెట్టు కింద కూర్చుంట. ఎవలతోని మాట్లాడ" అని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

లూమ్స్ చప్పుడులో ఆయనకు ఏం వినబడిందో, "ఆఁ, ఆఁ, సరే" అన్నాడు. తర్వాత తెలిసింది, ఆయనకు అంతా ముందే తెలుసు. ఆ బట్ట సంపాదించిపెట్టిందే ఆయన!

ఏ బట్టా? అక్కడికే వస్తున్నాను.

నాలుగింటికి గేటు దగ్గర దిగాను. వాచ్‌మన్ పెద్దాయన, అందరూ కాకా అంటారట, ఆపాడు. నేను అఖిల ఐడీ కార్డు జిరాక్స్, నా ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు తీశాను. ఆయన ఫోటోలు నాకే తిరిగి ఇచ్చి, "బెన్, ప్రోగ్రామ్ ఉధర్ హై", అక్కా, ప్రోగ్రాం అటువైపు అని తనే తీసుకుపోయి చూపించాడు.

అఖిల లేదు. ప్రొజెక్టర్ తేవడానికి ఫ్రెండ్‌తో రింగ్ రోడ్ పోయిందన్నాడు కాకా. సరే, దూరంగా కూర్చుందామని తిరిగాను. అప్పుడు చూశాను దాన్ని.

బిల్డింగ్ ముందువైపు, మొదటి అంతస్తు బాల్కనీ రెయిలింగ్ నుంచి కిందిదాకా ఒక పెద్ద తెల్లని నెట్ బట్ట వేలాడుతోంది. నాలుగు తానులు పక్కపక్కన కలిపి కుట్టారు. నిండా ఎంబ్రాయిడరీ. పక్కన ఒక బోర్డు, దానిమీద పేపరు అంటించి మూసిపెట్టారు. కింద అట్టముక్క మీద ఇంగ్లీషులో పేరు. అఖిల అన్న అక్షరాలు నేను గుర్తుపడతాను.

నా బిడ్డ కట్టిన బట్ట! మురిసిపోతూ దగ్గరికి పోయాను. పోయాక గుండె ఆగినంత పనైంది.

దారాలు!

ఒకటా రెండా. బట్ట నిండా దారాలే. ఎరుపు, పసుపు, నీలం, జానెడు జానెడు, కొన్ని మూరెడు. కొన్నింటికి కొసన ముడులు కూడా. ఏ ఆపరేటర్ చేశాడో గానీ, వాడి చేతులు పడిపోను అనుకున్నాను. పైగా ఉల్టా కట్టింది! వెనకవైపు జనానికి కనబడేలా! ఇరవై ఏళ్ళుగా తల్లి పక్కన కూర్చుని చూస్తున్న పిల్లకు బట్టకు ఏది ముందో ఏది వెనకో తెలియలేదా?

కోపం రాలేదు. పాపం అనిపించింది. ఎంత హడావిడిలో ఉందో, తిండి లేదు, చూసుకోలేదు. ఇప్పుడు జడ్జీలు వస్తారు. ఈ దారాలు చూసి, ఎవరి పిల్ల ఇది అంటారు. ధాగా కటింగ్ చేసే దాని బిడ్డ అని తెలిస్తే? నేను చూసి కూడా వదిలేసి పోతే నేనేం తల్లిని?

బట్ట తిప్పి కట్టడం నావల్ల కాదు, పైన తాళ్ళతో బిగించారు. కానీ దారాలు నావల్ల కాకపోతే ఎవరివల్ల అవుతుంది?

కత్తెర తీశాను.

చేయి అందినంత మేర అరగంటలో అయిపోయింది. ఎడమచేత్తో దారం మొదలు పట్టాలి, కత్తెర బట్టకు ఆనించాలి, ఆనీ ఆనకుండా. చుక్, చుక్, చుక్. ఆ చప్పుడు మొదలైతే నా మనసులో భయాలన్నీ కూర్చుంటాయి. కత్తిరించిన ప్రతి పోగూ సంచీలో ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేశాను. అంత మంచి కాలేజీ, చెత్త చేస్తే బాగుండదు కదా.

పైకి ఎట్లా అని చూస్తుంటే వెనకనుంచి కాకా. "బెన్, సీడీ లావూఁ?"

నిచ్చెన తేవాలా అని అడుగుతున్నాడు. ఆయన నన్ను పనికి పిలిపించారనుకున్నాడు. దేవుడిలా వచ్చావు కాకా అనుకున్నాను. నిచ్చెన తెచ్చాడు, గోడకు ఆనించాడు, కింద పట్టుకున్నాడు. నేను చీర కుచ్చిళ్ళు దోపి ఎక్కాను. ఎక్కడం, కత్తిరించడం, దిగడం, నిచ్చెన జరపడం. కాకా మధ్యలో చాయ్ కూడా తెప్పించాడు.

పిల్లలు పోతూ వస్తూ చూశారు. ఒకమ్మాయి ఫోన్లో వీడియో కూడా తీసింది. ఒకబ్బాయి కింద నిలబడి, "ఆంటీ, ఆప్ భీ ఇస్‌కా పార్ట్ హో?" అని అడిగాడు.

ఇందులో మీరూ భాగమేనా అంటాడేంటి? "హాఁ బేటా," అన్నాను గర్వంగా, "మై మమ్మీ హూఁ."

వాడు, "వావ్!" అని దండం పెట్టి పోయాడు. ఎంత మర్యాద అనుకున్నాను.

అయిదున్నరకు నిచ్చెన అందినంత మేరా అయిపోయింది. పైన రెయిలింగ్ కింద రెండు మూరల పట్టీ మాత్రం అందలేదు. దూరం నుంచి చూశాను. కింద బట్ట పాలమీగడలా ఉంది. పైపట్టీ ఒక్కటే చింపిరిగా ఉంది. బాల్కనీ మీదికి పోయి అది కూడా చేద్దాం అనుకుంటుండగా అఖిల వచ్చింది. భుజం మీద వైరు చుట్ట. పక్కన హేతల్, ప్రొజెక్టర్ డబ్బా మోస్తూ.

అఖిల ఆగిపోయింది. బట్ట వైపు చూసింది. నా వైపు చూసింది. నా చేతిలో కవరు వైపు చూసింది. మళ్ళీ బట్ట వైపు చూసింది.

"మమ్మీ... దారాలేవి?"

"గిదిగో," అని కవరు ఎత్తి చూపించాను. "ఒక్కటి కింద పడనియ్యలే."

అది మెట్ల మీద కూర్చుంది. వైరు చుట్ట ఒళ్ళోనే ఉంది. ఏడవలేదు, అరవలేదు. గోడ వైపే చూస్తోంది. అరిచినా బాగుండేది.

హేతల్ నా పక్కకు వచ్చి మెల్లగా హిందీలో చెప్పింది. ఆంటీ, ఆ దారాలే ఆర్ట్. బట్ట కావాలనే వెనకవైపు తిప్పాం. రిజెక్ట్ అయిన తానులు అంకుల్ తెచ్చిచ్చారు. ఇంకా పొడుగు కావాలని అఖిల మూడు నెలలు కూర్చుని ప్రతి దారానికి ఇంకో దారం ముడేసింది. ఫ్యాన్ పెడితే అవి కదులుతాయి, వాటి మీద వెలుతురు పడితే గోడంతా కదిలినట్టు ఉంటుంది. వీడియోలో మీ చేతులు కత్తిరిస్తుంటాయి. ఇక్కడ దారాలు ఊగుతుంటాయి.

చేతులు పడిపోవాలని నేను తిట్టుకున్న ఆపరేటర్ నా బిడ్డే!

అప్పుడు నా నోట వచ్చిన మాట ఏంటో తెలుసా? "మల్ల కుడుత. సూది ఉన్నది నా దగ్గర." నిజంగానే కూర్చున్నాను. కవర్లోంచి ఒక ఎర్రదారం తీశాను, సూదిలోకి ఎక్కించాను, బట్టకు కుట్టాను. ఇంకోటి తీశాను. నాలుగు కుట్టేసరికి అఖిల నా చెయ్యి పట్టుకుంది.

"మమ్మీ, ఎన్ని కుడుతవ్?"

"ఎన్నుంటె అన్ని."

"గంటన్నర కూడ లేదు."

"ఏడుకు ముందు రావద్దన్నవ్, వచ్చిన. నీకు తినిపిద్దామని వచ్చిన. తల్లి పని తెలిస్తె నీకు నామోషీ అయితదని దూరంగ కూర్చుందామనుకున్న. కూర్చున్నా బాగుండు."

అది నన్ను వింతగా చూసింది. "నామోషీనా? ఎవరికి?"

ఇంతలో ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏడున్నవే?"

"కాలేజీల."

"ఏం జేసినవ్?"

"కట్ చేసిన."

"ఎంత?"

"నిచ్చెన అందినంత."

గొంతు తగ్గించి, "బట్టకు గాటు పడలే గదా?"

"పడలే."

"మరింకేం," అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు ఆయన నవ్వు వినబడింది. అఖిలకు కూడా వినబడింది. దాని పెదవి ఒక పక్కకు వంగింది. ఏడుపుకో నవ్వుకో నాకు తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి దానికి.

అప్పుడే వాళ్ళ మేడమ్ వచ్చింది. కాటన్ చీర, తెల్ల జుట్టు, కళ్ళజోడు గొలుసు. అఖిల లేచి నిలబడి జరిగింది చెప్పింది, నన్ను ఒక్క మాట అనకుండా. మేడమ్ దగ్గరికి పోయి బట్ట మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి రాసింది. ఇంకో చోట కూడా రాసింది. "ఏక్ భీ కట్ నహీఁ లగా?", ఒక్క గాటు కూడా పడలేదా అని నన్ను అడిగింది. లేదు మేడమ్ అన్నాను. మెచ్చుకుందా, తప్పు పట్టిందా, ఆ ముఖంలో ఏమీ కనబడదు. అఖిలతో మాత్రం, "సాత్ బజే జో హోగా, వహీ దేఖేంగే," అనేసి పోయింది. ఏడింటికి ఏముంటే దానికే మార్కులు.

అఖిల బట్ట ముందు అటూ ఇటూ నడిచింది. పైపట్టీ వైపు చూసింది. డబ్బా తెరిచి సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకుంది. అది నములుతుంటే నాకు సగం ప్రాణం వచ్చింది. రెండో ముక్క తింటూ ఆగిపోయింది.

"మమ్మీ, కత్తెర ఉన్నదా?"

నేను కత్తెర వెనక దాచుకున్నాను.

"దాచుకోకు. పైన బాల్కనీలో కూర్చో. వీడియో మొదలైనంక, మిగిలిన దారాలు కట్ చెయ్యి. మెల్లగ. అంతే."

"నేనా? గందరి ముందటనా?"

"నువ్వు కనబడవు. చీకట్ల ఉంటవ్."

అట్లా ఏడింటికి నేను యూనివర్సిటీ బాల్కనీలో, రెయిలింగ్ వెనక, చీకట్లో కూర్చున్నాను. ఒళ్ళంతా చెమట. కింద జనం. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ముందు వరసలో మేడమ్, పక్కన బయటినుంచి వచ్చిన జడ్జి సార్, నున్నటి గుండు. మూడో వరసలో మా ఆయన, ఇస్త్రీ చొక్కాతో, నిహారిక చెయ్యి పట్టుకుని. హేతల్ ఫ్యాన్ పెట్టింది. అఖిల బోర్డు మీది పేపరు తీసేసింది. ప్రొజెక్టర్ వెలిగింది.

నాకు ఏమీ కనబడలేదు. బొమ్మ పడుతున్నది నా కింద ఉన్న గోడ మీద. నేను దాని నెత్తిన కూర్చున్నాను. పెద్దగా ఒక చప్పుడు మాత్రం వినబడింది. చుక్. చుక్. చుక్. నా కత్తెరే! వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా!

ఆ చప్పుడుతో పాటు నేను కూడా మొదలుపెట్టాను. వంగి దారం పట్టడం, కత్తిరించడం, కవర్లో వేయడం. పట్టడం, కత్తిరించడం, కవర్లో వేయడం.

కిందినుంచి అఖిల గుసగుసగా, "మమ్మీ! కింద పడెయ్!"

"గిక్కడ పడేస్తె ఎవలు ఊడుస్తరే?"

"నేను ఊడుస్త! నువ్వు పడెయ్!"

గుసగుస అనుకున్నాం గానీ దాని చేతిలో మైకు ఆన్‌లో ఉందట. జనం అంతా నవ్వారు. ఇదంతా ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు.

గుండె రాయి చేసుకుని ఒక దారం వదిలాను. ఎర్రది. అది చీకట్లోంచి వెలుతురులోకి జారగానే నిప్పు కాడలా వెలిగింది. ఫ్యాన్ గాలికి అటు తిరిగి ఇటు తిరిగి కిందికి పోయింది. జనం ఆఁ అన్నారు. ఇంకోటి వదిలాను. పసుపు. ఇంకోటి. ఇరవై ఏళ్ళలో దారం నేలమీద పడేయడం నాకదే మొదటిసారి. చెప్పకూడదు గానీ, భలే ఉంది!

పట్టీ అయిపోయింది. చప్పుడు ఇంకా నడుస్తోంది. ఇప్పుడెట్లా? కవరు గుర్తొచ్చింది. గంటన్నర కష్టం, నిండుగా ఉంది. తిరగేశాను.

విడివిడిగా పడతాయనుకున్నాను. ప్లాస్టిక్‌లో నొక్కుకుపోయి ఒక్క ముద్దగా పోయింది. ఫ్యాన్ గాలి దాన్ని ముందు వరస దాకా మోసుకుపోయి సరిగ్గా జడ్జి సార్ గుండు మీద దించింది. అక్కడ విచ్చుకుంది. ఒక్క క్షణంలో సార్‌కు ఎరుపు, పసుపు, నీలం జుట్టు మొలిచింది. మేడమ్ ముఖంలో అంతసేపూ కనబడనిది అప్పుడు కనబడింది. ఆవిడ నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని.

నేను రెయిలింగ్ కిందికి నక్కాను. నక్కుతూ నక్కుతూ మా ఆయన వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. నోరు తెరుచుకుని గోడ వైపు చూస్తున్నాడు. గోడ మీది వెలుతురు తిరిగి ఆయన ముఖం మీద పడి కదులుతోంది. పద్ధతిగా, ఆగి ఆగి, నా చెయ్యి కదిలినట్టే.

చప్పుడు ఆగింది. చప్పట్లు. జడ్జి సార్ మైకు తీసుకున్నాడు, చెవి మీద దారం ఇంకా వేలాడుతూనే ఉంది. పైనున్న ఆర్టిస్ట్ ఎవరని అడిగాడు.

అఖిల మైకులో చెప్పింది, తడుముకోకుండా. "మేరీ మమ్మీ హై సర్. ధాగా కటింగ్ కర్‌తీ హై. బీస్ సాల్ సే." మా మమ్మీనే, ఇరవై ఏళ్ళుగా ధాగా కటింగ్ చేస్తుంది అని.

అయిపోయింది. ఫారం నింపిననాడు ఇంకోసారి అడిగితే బాగుండేది అనుకున్నాను చూడండి, దానికి జవాబు ఇది. నేను చెప్పింది కాదు, ఈసారి అది తనంతట తను రాసుకున్నది. నేను పైనే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకున్నాను. చెమట అని చెప్పాను తర్వాత.

జనం పోయాక కిందికి దిగాను. బోర్డు మీద మూడు భాషల్లో ఒకే మాట. తెలుగులో కూడా రాసింది, అక్షరాలు కొంచెం వంకర: వెనకవైపు. ఆ పేపరు ఒక్కటి ఎత్తి చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. మార్కులు ఇంకా రాలేదు. ఆ సంగతి నన్ను అడగకండి.

"మమ్మీ, అసలు చూడాల్సినదానివి నువ్వే చూడలే," అంది అఖిల. అందుకే ఏడింటికి రమ్మందట. అన్నీ సిద్ధం చేసి, ముందు వరసలో కూర్చోబెట్టి, నాకు చూపిద్దామని. "కూర్చో. నీ ఒక్కదానికి మల్ల వేస్త."

మెట్ల మీద కూర్చున్నాను. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క నిహారిక. గోడ వెలిగింది.

నా చేతులు. అంతస్తంత ఎత్తున! బొటనవేలి మీద కత్తెర పట్టి కాసిన కాయ, గోరు సందున పసుపు, చిన్నప్పుడు కాలిన మచ్చ. ఇంత దగ్గరనుంచి వీటిని ఎవరైనా చూస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు. కిటికీ అంతుంది ఒక్కొక్క గోరు. ఎడమచెయ్యి దారాన్ని వెతుక్కుంటూ పోతోంది, నిద్రపోతున్న పిల్ల తలలో పేలు చూసినంత మెల్లగా. కత్తెర వస్తోంది. చుక్. దారాలన్నీ పోయిన తెల్లని బట్ట మీద ఆ చేతులు ఎంత సాఫ్‌గా కనబడుతున్నాయో!

"మంచిగున్నది గదనే," అన్నాడు మా ఆయన, నా మోచెయ్యి పొడిచి.

ఆఖరున వీడియోలో చీర తిరగబడింది. అప్పుడు చూశాను. మూలన, పువ్వు పక్కన, ఒక దారం మిగిలిపోయింది!

నేను చేసిన చీరలో! గోడ మీద తాడంత లావున! యూనివర్సిటీ అంతా చూసింది దాన్ని!

"అగో! అగో, ఒకటి మిగిలింది!" నేను లేచాను. నడిచాను. చేతిలోకి కత్తెర ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. గోడ దగ్గరికి పోయేసరికి నా పెద్ద వేళ్ళు నా చీర మీదా, భుజాల మీదా పాకుతున్నాయి. వెచ్చగా ఉన్నట్టు అనిపించింది, ఉండదు కదా, ఉత్త వెలుతురు. మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపాను. దారం ఇంకా మూరెడు పైన ఉంది. అందడం లేదు.

"మమ్మీ, అది వీడియో!" వెనకనుంచి అఖిల. "వెలుతురు అది! దారం కాదు!"

ఎవరికి తెలియదు వెలుతురని? నాకు తెలుసు. కానీ చెయ్యి దిగడం లేదు.

అప్పుడే చీకట్లోంచి కాకా గొంతు. "బెన్, సీడీ లావూఁ?"

అఖిల, మా ఆయన, నిహారిక ముగ్గురూ ఒక్కసారే అరిచారు, "వద్దు!"

అప్పటికే ఆయన నిచ్చెన భుజానికెత్తుకుని వస్తున్నాడు. ఇంత చెప్పాను కదా, ఇది కూడా దాచను. వద్దన్నది ఆ ముగ్గురే. నేను అనలేదు.